మోకాలి వెనుక నీటి సంచి: అపోహలు - వాస్తవాలు

"బాబూ, ఈ గడ్డ కోసి తీసేయండి" అంటూ శ్రీకాకుళంలో నా దగ్గరకు వచ్చే పెద్దవారిలో ఎక్కువమందికి ఉన్నది అసలు గడ్డే కాదు.

అపోహ: అది కొత్తగా మొలిచింది.
వాస్తవం: మోకాలి చుట్టూ కండరాలు, టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలు) ఒరుసుకునే చోట్ల బర్సా అనే పల్చటి సంచులు పదికి పైగా ఉంటాయి. వెనుక లోపలివైపున, పిక్క కండరానికీ తొడ వెనుక నుంచి దిగే టెండన్‌కూ నడుమ ఉన్న సంచి, ఆ రెండూ రాపిడి లేకుండా జారేలా చూస్తుంది. చాలామంది పెద్దవారిలో దీనికీ కీలుకూ మధ్య సన్నని చీలిక ఉంటుంది. గుజ్జు అరిగినా, మెనిస్కస్ (మోకీలు ఎముకల మధ్య మెత్తలా ఉండే పొర) చిరిగినా, కీళ్లవాతం వచ్చినా కీలులో నీరు అధికంగా ఊరి, కాలు ముడిచి చాచినప్పుడల్లా ఆ చీలిక గుండా సంచిలోకి చేరుతుంది. అక్కడి మడత సైకిలు ట్యూబు వాల్వులా అడ్డుపడటంతో సులువుగా వెనక్కి రాదు. 1877లో దీనిని వివరించిన విలియం మోరాంట్ బేకర్ పేరిట బేకర్స్ సిస్ట్ అంటున్నాము.

పలాస వైపు నుంచి వచ్చిన, రోజంతా నేల మీద కూర్చుని జీడిపప్పు ఒలిచే ఒక అమ్మను నిలబెట్టి కాలు చాపించినప్పుడు ఆ వాపు నిమ్మకాయలా బిగుసుకుంది. బోర్లా పడుకోబెట్టి సగం ముడిస్తే మెత్తబడింది. ఈ సంచి గుణం అదే. ఎలా ముడిచినా గట్టిగానే ఉన్నా, వేలి కింద నాడిలా కొట్టుకుంటున్నా అది వేరే సమస్య కావచ్చు. స్కాన్ చేయకుండా సూది పెట్టకూడదు.

అపోహ: సూదితో నీరు లాగేస్తే పోతుంది.
వాస్తవం: ఉపశమనం కలుగుతుంది గాని, కీలులోని మూలకారణం అలాగే ఉంటే మళ్లీ నిండుతుంది. పిల్లల్లో మాత్రం తరచుగా కీలు బాగానే ఉంటుంది, వాపు కాలక్రమంలో దానంతటదే తగ్గుతుంది. కోతకు తొందరపడనవసరం లేదు.

అపోహ: పిక్క పట్టేస్తే నూనె రాసి మర్దన చేస్తే సరిపోతుంది.
వాస్తవం: నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. సంచి పగిలితే నీరు పిక్కలోకి దిగి వాపు, నొప్పి, ఎరుపు వస్తాయి, కొందరిలో చీలమండ దగ్గర కమిలినట్టు మచ్చ కూడా కనిపిస్తుంది. కాలి సిరలో రక్తం గడ్డకట్టినా అచ్చం ఇలాగే ఉంటుంది, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం. వరి ఉభాల రోజుల్లో ఒక రైతు రెండు రోజులు పిక్క రుద్దించుకుని, అది రెట్టింపు వాచాక వచ్చాడు. రక్తం పారే తీరును చూపే డాప్లర్ స్కాన్‌లో సిర శుభ్రంగా ఉంది, పగిలింది సంచే; కాని చేతితో తాకి చూసినంత మాత్రాన ఆ తేడా నేను చెప్పలేకపోయాను.