ఉద్యోగం పోయాక హెచ్-1బి నుంచి బి-2కి మారడం: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో హెచ్-1బి వర్క్ వీసా మీద ఉంటూ లేఆఫ్ అయిన మనవాళ్లు నాకు ఫోన్ చేసేసరికే ఒక ప్లాన్‌తో ఉంటారు. "మేడమ్, 60 రోజులు గట్టిగా ట్రై చేస్తాను, అప్పటికీ ఏం తేలకపోతే బి-2 (టూరిస్ట్ స్టేటస్) వేసేస్తాను, ఇంకో ఆరు నెలలు దొరుకుతాయి, ఆలోపు ఏదో ఒక జాబ్ రాకపోదు." ఈ ప్లాన్ తప్పని అనను. చాలామందికి మిగిలిన దారి అదే, ఇలాంటి ఫైళ్లు నేనూ వేస్తూనే ఉంటాను. కాకపోతే అందులో ప్రతి మాటకీ ఒక షరతు ఉంది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి తిరిగి ఆ షరతులు రాలిపోయి, ఉత్త మాట మిగులుతోంది. అందుకే డాలస్‌లో మా ఆఫీసుకు వచ్చేవాళ్ల నోట రోజూ వినే మాటల్నే తీసుకుని ఏది నిజమో ఏది కాదో రాస్తున్నాను.

అపోహ: "నా పాస్‌పోర్ట్‌లో పాత టూరిస్ట్ వీసా ఇంకా వ్యాలిడ్‌గానే ఉంది, ఉద్యోగం పోగానే దానిమీదకి వచ్చేసినట్టే కదా."

వాస్తవం: రాలేదు. పాస్‌పోర్ట్‌లో అతికించిన వీసా ఎయిర్‌పోర్ట్‌లో దిగి లోపలికి అనుమతి అడగడానికే పనికొస్తుంది. లోపల మీరు ఏ స్టేటస్‌లో ఉన్నారో, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పేది ఐ-94 అనే రికార్డు. అది హెచ్-1బి అని చెబుతుంటే మీరు హెచ్-1బినే. బి-2 కావాలంటే ఐ-539 ఫారం వేయాలి, యూఎస్‌సీఐఎస్ (ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ) దాన్ని ఆమోదించాలి. ఆమోదం వచ్చినా చేతికొచ్చేది కొత్త ఐ-94తో ఉన్న కాగితం, పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపింగ్ కాదు. దేశం దాటి బయటికెళ్తే ఆ బి-2 అక్కడితో సరి.

అపోహ: "గ్రేస్ పీరియడ్ (ఉద్యోగం పోయాక దేశంలో ఉండనిచ్చే గడువు) అందరికీ 60 రోజులు."

వాస్తవం: నన్నడిగితే అన్నిటికన్నా ఎక్కువ మందిని ముంచుతున్నది ఇదే. 2017 జనవరి 17 నుంచి అమల్లో ఉన్న నిబంధన చెప్పేది 60 రోజుల వరకు అని, లేదా మీ ఐ-94 ముగిసే తేదీ వరకు అని, ఈ రెండింటిలో ఏది ముందొస్తే అది. ఇప్పుడు ఒక ఫైలు ఎలా ఉంటుందో చూడండి. ఐ-797 అనే ఆమోద పత్రంలో హెచ్-1బి 2027 సెప్టెంబర్ దాకా అని స్పష్టంగా ఉంటుంది, దాన్ని చూసుకుని ధీమాగా ఉంటారు. కానీ మధ్యలో చెల్లెలి పెళ్లికి హైదరాబాద్ వెళ్లొచ్చారు. తిరిగొచ్చినప్పుడు పాస్‌పోర్ట్ ఏడాదిలో అయిపోతుందని చూసి, ఇమ్మిగ్రేషన్ కౌంటర్‌లోని ఆఫీసర్ ఐ-94 గడువును ఆ పాస్‌పోర్ట్ తేదీకే కుదించేశాడు. తర్వాత పాస్‌పోర్ట్ రెన్యూ చేయించుకున్నారు, ఐ-94 గడువు మాత్రం దానంతట అది పెరగదు. ఆఖరుగా ఇచ్చిన ఐ-94 ఏదైతే ఉందో లెక్క దానిదే. లేఆఫ్ అయ్యాక వెబ్‌సైట్‌లో తెరిచి చూస్తే 60 రోజులు అనుకున్నవి మూడు వారాలే అని తేలుతుంది. కాబట్టి లేఆఫ్ మెయిల్ వచ్చిన రోజే, లాయర్‌కి ఫోన్ చేయకముందే, సీబీపీ (సరిహద్దుల్లో తనిఖీ చేసే సంస్థ) వెబ్‌సైట్‌లో మీ ఐ-94 డౌన్‌లోడ్ చేసుకోండి. ఇంట్లో వాళ్లందరిదీ. పిల్లల పాస్‌పోర్ట్‌లకు గడువు ఐదేళ్లే కాబట్టి వాళ్ల ఐ-94లు ఇంకా తొందరగా అయిపోతుంటాయి.

లెక్కపెట్టడం ఎలా అంటే, మామూలుగా జీతం ఇచ్చిన ఆఖరి రోజు తర్వాతి రోజు ఒకటో రోజు. మార్చి 10 ఆఖరి రోజైతే మే 9తో 60 నిండుతాయి. సెలవులు, శని ఆదివారాలు అన్నీ కలిపే. సెవరెన్స్ కింద మూడు నెలల జీతం ఇచ్చారు కాబట్టి మూడు నెలల తర్వాతే మొదలవుతుందని చాలామంది నమ్ముతారు, అది నిజం కాదు, సెవరెన్స్ డబ్బు గ్రేస్‌ను పొడిగించదు. అలాగే "రిజైన్ చేస్తే గ్రేస్ ఉండదట" అనేదీ అబద్ధం, తీసేసినా మీరే మానేసినా ఒకటే. ఇంకోటి, పోస్ట్ చేసిన తేదీని యూఎస్‌సీఐఎస్ లెక్కలోకి తీసుకోదు, గడువులోపు దరఖాస్తు వాళ్లకు అందాలి.

అపోహ: "బి-2 రిసీట్ వచ్చిందంటే ఆరు నెలలు సేఫ్."

వాస్తవం: రిసీట్ అంటే మీ దరఖాస్తు అందిందని మాత్రమే. గడువులోపు, సరైన కారణంతో వేసిన దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నంత కాలం అక్రమంగా ఉంటున్నట్టు లెక్క మొదలవదు, ఆ మేరకు రక్షణ నిజమే. కానీ అప్పటికి మీరు హెచ్-1బిలోనూ లేరు, బి-2లోనూ లేరు. రిజెక్ట్ అయితే మర్నాటి నుంచే లెక్క మొదలు. 180 రోజులు దాటాక వెళ్తే మూడేళ్లు, ఏడాది నిండాక వెళ్తే పదేళ్లు తిరిగి రానివ్వరు. దీనికి తోడు 2025 ఫిబ్రవరి 28న యూఎస్‌సీఐఎస్ కొత్త విధానం తెచ్చింది. దరఖాస్తు తిరస్కరించేనాటికి దేశంలో ఉండే హక్కు లేనివాళ్లకు ఇమ్మిగ్రేషన్ కోర్టు నోటీసు పంపవచ్చు. కాబట్టి డినయల్ వస్తే టికెట్ కొనుక్కునే డబ్బు, సామాను సర్దుకునే ప్లాన్ రెండూ ముందే ఉండాలి.

మరో చిన్న విషయం. మీరు ఫలానా తేదీ దాకా ఉంటానని అడిగారు, ఆ తేదీ దగ్గరపడినా నిర్ణయం రాలేదు, ఇంకా ఉండాల్సిన అవసరం నిజంగానే ఉంది. అప్పుడు ఆ తేదీ దాటకముందే పొడిగింపు కోసం ఇంకో ఐ-539 వేయాలి. మొదటిది పెండింగ్‌లో ఉంది కదా అని ఊరుకోకూడదు.

అపోహ: "లాటరీ ఒకసారి అయిపోయింది కాబట్టి, బి-2లో ఉండగా ఎప్పుడు ఆఫర్ వచ్చినా హెచ్-1బికి మారిపోవచ్చు."

వాస్తవం: ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే, కొంచెం ఓపిగ్గా చదవండి.

లాటరీ (ఏటా పరిమిత కోటాలో ఇచ్చే హెచ్-1బిల కోసం జరిగే ఎంపిక) మాట నిజమే. ఒకసారి కోటాలో లెక్కకొచ్చి, హెచ్-1బికి ఉండే ఆరేళ్ల పరిమితిలో సమయం మిగిలి ఉంటే మళ్లీ లాటరీ అక్కర్లేదు. తేడా అంతా పిటిషన్ ఎప్పుడు వేశారన్న దగ్గర వస్తుంది. కొత్త కంపెనీ పిటిషన్ మీ గ్రేస్ పీరియడ్‌లోపు యూఎస్‌సీఐఎస్‌కు అందితే, అందిన వెంటనే అక్కడ పని మొదలుపెట్టొచ్చు, బి-2 గొడవే ఉండదు. గ్రేస్ దాటిపోయి మీ బి-2 పెండింగ్‌లో ఉండగా పిటిషన్ వేస్తే కథ వేరు. ఆమోదం వచ్చి హెచ్-1బి అమల్లోకి వచ్చేదాకా పనిచేయకూడదు. దేశం లోపలే ఉండగా మిమ్మల్ని హెచ్-1బికి మార్చాలా వద్దా అన్నది ఆ బి-2 ఫలితం మీద ఆధారపడుతుంది, ఎందుకంటే మధ్యలో ఖాళీ లేకుండా పూడ్చేది ఆ బి-2నే. దానికి ఆమోదం రాకపోతే పిటిషన్ అప్రూవ్ అయినా మార్పు ఇవ్వరు. బయటికెళ్లి వీసాతో తిరిగి రమ్మంటారు. "ప్రీమియం వేద్దాం మేడమ్" అంటారు. ప్రీమియం అంటే అదనపు ఫీజు కట్టి త్వరగా నిర్ణయం తెప్పించుకోవడం, అందులో 15 పనిదినాల లెక్క హెచ్-1బి ఫైలుకే, బి-2 దరఖాస్తుకు ప్రీమియం సౌకర్యమే లేదు.

ఇదివరకు ఇలా జరిగితే ఇండియా వెళ్లి స్టాంపింగ్ చేయించుకుని వచ్చేవాళ్లు, కష్టమే కానీ దారి ఉండేది. 2025 సెప్టెంబర్ 21 నుంచి అమెరికా అధ్యక్షుడి ప్రకటనతో కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద లక్ష డాలర్ల చెల్లింపు వచ్చి పడింది. అక్టోబర్‌లో యూఎస్‌సీఐఎస్ ఇచ్చిన వివరణ ప్రకారం దేశం లోపలే ఉండి స్టేటస్ మార్పు పొందినవాళ్లకు ఇది వర్తించదు. కానీ మార్పుకు అర్హత లేదని తేలితే వర్తిస్తుంది. అంటే ఎవరూ పట్టించుకోకుండా హడావిడిగా వేసిన ఆ బి-2 దరఖాస్తు మీదే ఇప్పుడు ఆ లక్ష డాలర్లు వేలాడుతున్నాయి. కట్టాల్సింది కంపెనీయే, కానీ అంత కట్టి తీసుకునే కంపెనీని వెతకడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. ప్రకటన గడువు 12 నెలలని, పొడిగించవచ్చని అందులోనే ఉంది కాబట్టి ఫైల్ చేసే రోజుకు పరిస్థితి ఏమిటో లాయర్‌ని అడిగి తెలుసుకోండి.

అందుకే నేను చెప్పేది, బి-2ని నమ్ముకుని ఇంటర్వ్యూలు నెమ్మదిగా చేయొద్దు. మీ బలమంతా ఆ 60 రోజుల్లో పిటిషన్ వేయించుకోవడం మీదే పెట్టండి. ఆఫర్ వచ్చాక ఎల్‌సీఏ (పిటిషన్‌కు ముందు కంపెనీ కార్మిక శాఖకు పెట్టే దరఖాస్తు) సర్టిఫై కావడానికే ఏడు పనిదినాల దాకా పడుతుంది, వాటిని కూడా లెక్కలో వేసుకోండి.

అపోహ: "బి-2లో జాబ్ వెతికితే నేరం." దీనికి సరిగ్గా ఎదురు మాట: "ముందు జాయినైపో, పేపర్లు తర్వాత చూద్దాం."

వాస్తవం: వెతకొచ్చు, ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చు, యూఎస్‌సీఐఎస్ తనే ఆ మాట చెప్పింది. పని మాత్రం చేయకూడదు. కన్సల్టెన్సీ వాళ్లు జీతం లేకుండా "ట్రైనింగ్" అన్నా, "క్లయింట్ దగ్గర షాడోయింగ్" అన్నా ఒప్పుకోవద్దు. ఇక్కడ కూర్చుని హైదరాబాద్ కంపెనీకి రిమోట్‌గా చేయొచ్చా అని అడుగుతారు, నా సలహా వద్దనే. తర్వాత ఎప్పుడో గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూలో ఈ నెలల లెక్క అడిగితే చెప్పుకోగలిగేలా ఉండాలి.

అపోహ: "కవర్ లెటర్‌కి ఫార్మాట్ ఉంది, పేర్లు మారిస్తే చాలు."

వాస్తవం: ఆ ఫార్మాట్ నా దగ్గరికి ఎన్నిసార్లు వచ్చిందో. అందులో పిల్లల స్కూల్ మే నెలాఖరుకు అయిపోతుందని, అది కాగానే ఇండియా వెళ్తామని ఉంటుంది. టెక్సస్‌లో రాసినవాళ్లకు అది సరిపోతుంది. అదే లెటర్‌ను న్యూజెర్సీలో ఉన్న కుటుంబం వాడితే, అక్కడ బడులు జూన్ మూడో వారం దాకా నడుస్తాయి. ఇలాంటి చిన్న తేడా చాలు, మిగతాదంతా కూడా కాపీయే అనిపించడానికి.

ఐ-539 మీద సంతకం పెట్టడమంటే అందులో రాసిందంతా నిజమని ప్రమాణం చేయడమే. బి-2 అంటే కొద్దికాలం ఉండి వెళ్లిపోయేవాళ్లది, కాబట్టి ఎందుకు ఉంటున్నారు, ఎప్పుడు వెళ్తారు, అప్పటిదాకా ఖర్చులకు డబ్బెక్కడిది, వెనక్కి వెళ్లడానికి ఇండియాలో ఏముంది, ఈ నాలుగింటికీ మీ జీవితంలోని జవాబు రాయాలి. ఇల్లు అమ్మకానికి పెడితే ఏజెంట్‌తో చేసుకున్న అగ్రిమెంట్ జతచేయండి. అద్దె లీజు ఇంకా ఉంటే ఆ కాగితం పెట్టండి. అమ్మానాన్న విజిట్‌కి వచ్చి ఉంటే వాళ్ల రిటర్న్ టికెట్, గుంటూరులోనో కరీంనగర్‌లోనో సొంతిల్లు ఉంటే దాని కాగితాలు, ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్లు. నాలుగు నెలలు చాలితే నాలుగే అడగండి, అందరూ ఆరు అడుగుతున్నారని ఆరు అడగక్కర్లేదు. ఐ-140 (గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయినవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది, హెచ్-1బిలో లాగా గ్రీన్‌కార్డ్ ఉద్దేశం బి-2లో చెల్లదు. ఐ-140 ఉన్నంత మాత్రాన రిజెక్ట్ చేయరు, కానీ నిజంగానే వెనక్కి వెళ్తారని చూపే బాధ్యత మీ మీద మరింత పడుతుంది. ఐ-485 (గ్రీన్‌కార్డ్ ఆఖరి దశ దరఖాస్తు) పెండింగ్‌లో ఉన్నవాళ్ల సంగతి పూర్తిగా వేరు, వాళ్లకు మామూలుగా బి-2 అవసరమే రాదు.

ఫీజు ఆన్‌లైన్‌లో 420 డాలర్లు, కాగితం మీద 470. భార్యాపిల్లలు హెచ్-4లో ఉంటే వాళ్లకు ఐ-539ఏ జతచేస్తే అదే ఫీజులో వస్తారు. బయోమెట్రిక్స్‌కు విడిగా 85 డాలర్లు కట్టే పద్ధతి 2023 అక్టోబర్‌లోనే పోయింది. 2025 అక్టోబర్ 28 తర్వాత మామూలు చెక్కులు కూడా తీసుకోవట్లేదు. పాత బ్లాగులు చూసి చెక్కు పెట్టి పంపితే మొత్తం ప్యాకెట్ వెనక్కొస్తుంది, వెనక్కొచ్చింది వేసినట్టు లెక్క కాదు, ఆలోపు మీ 60 రోజులు అయిపోతాయి.

అపోహ: "హెచ్-1బి పోతే ఉన్న దారి బి-2 ఒక్కటే."

వాస్తవం: మీ ఆవిడకో మీ ఆయనకో సొంతంగా హెచ్-1బి ఉంటే ముందు హెచ్-4 చూడండి. బి-2 కన్నా అన్ని రకాలా మేలు, అందులో ఉండి చదువుకోవచ్చు కూడా. బి-2లో కోర్సులో చేరడం స్టేటస్ ఉల్లంఘన కిందికి వస్తుంది. బడికెళ్లే పిల్లలున్నవాళ్లు ఈ విషయం లాయర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

ఇండియా వెళ్లిపోవడాన్ని ఓడిపోవడంలా చూడొద్దని కూడా చెప్తాను. గ్రేస్‌లోపు వెళ్తే రికార్డు శుభ్రంగా ఉంటుంది, ఆరేళ్లలో మిగిలిన కాలం ఎక్కడికీ పోదు. వెళ్లేముందు హెచ్-1బి స్టాంప్ ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. యూఎస్‌సీఐఎస్ వివరణలో లక్ష డాలర్లు వర్తించేది బయట ఉండి, చెల్లే హెచ్-1బి వీసా లేనివాళ్లకు. స్టాంప్ చెల్లుతుంటే మీ పరిస్థితి చాలా నయం. బి-2 పెండింగ్‌లో ఉండగా నాన్నగారికి బాగోలేదని వెళ్లాల్సి వస్తే వెళ్లండి, కానీ దేశం దాటగానే ఆ దరఖాస్తు వదులుకున్నట్టే అని తెలిసి వెళ్లండి.

వెళ్లేవాళ్లు అడగకుండా వదిలేస్తున్న డబ్బు ఒకటుంది. హెచ్-1బి గడువు ముగియకముందే కంపెనీ తీసేస్తే, మిమ్మల్ని స్వదేశానికి పంపడానికి అయ్యే సమంజసమైన ప్రయాణ ఖర్చు ఆ కంపెనీయే భరించాలి, ఇది నిబంధన. రిజైన్ చేసినవాళ్లకు వర్తించదు, భార్యాపిల్లల టికెట్లకు రాదు. హెచ్‌ఆర్‌ని ఈమెయిల్‌లో అడగండి, అది కూడా సెవరెన్స్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టకముందే.