సర్జరీ పీజీలూ, మీ "తమ్ముడి" గురించి

మొన్న సైకియాట్రీ ఓపీ అయిపోయి లేవబోతుంటే ఒక సర్జరీ సెకండియర్ పీజీ వచ్చాడు, మాస్కు తీయలేదు. "మా తమ్ముడికి నిద్ర పట్టట్లేదు సర్" అన్నాడు. ఐదు నిమిషాల్లో తమ్ముడు ఎవరో తెలిసిపోయింది. తను అసిస్ట్ చేసిన కేసులో అనాస్టమోసిస్ (పేగు ముక్కల్ని కలిపి కుట్టిన చోటు) లీకై పేషెంట్ పోయాడు, అప్పట్నుంచీ అంతే. (వివరాలు మార్చాను.) ఇన్నాళ్లూ ఎందుకు రాలేదయ్యా అంటే మళ్లీ అదే పాట: "రికార్డులో పడితే రిజిస్ట్రేషన్ పోతుందట కదా సర్."

పోదు. డిప్రెషన్‌కు మందులు వాడినంత మాత్రాన ఏ మెడికల్ కౌన్సిలూ రిజిస్ట్రేషన్ తీసేయదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 23 ప్రకారం మీ వివరాలు గోప్యం. ప్రాణాపాయం, కోర్టు ఆదేశం లాంటి మినహాయింపులు ఉన్నాయి గానీ, మీ యూనిట్ చీఫ్ ఫోన్ చేయడం అందులో లేదు. పని చేసే చోట ఎవరైనా చూస్తారన్న భయం మాత్రం నిజమే, నేను కాదనను. వేరే ఆస్పత్రిలో చూపించుకోండి.

ఈ పుకారు వల్ల అసలు నష్టం ఏంటంటే, తన చీటీ తనే రాసుకుని నిద్ర కోసం ఆల్ప్రజోలం మాత్రలు మింగుతారు. అలవాటు పడేది అదీ, పొద్దున ఓటీలో మగతగా ఉండేది దానివల్లా. అలవాటవుతుందని మీరు భయపడే డిప్రెషన్ మందు ఎస్సైటలోప్రామ్‌కు అలా వ్యసనం కాదు, కాకపోతే పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, పది రోజులకే పక్కన పడేసి "పనిచేయలేదు సర్" అంటే ఎలా? బాగయ్యాక కూడా ఒక్కసారిగా మానకూడదు.

"మేం ఏకబిగిన 36 గంటల డ్యూటీ చేయలేదా" అనే సీనియర్లకు: పీజీల డ్యూటీ నియమాలు చెప్పే 1992 రెసిడెన్సీ పథకంలోనే వారానికి 48 గంటలని ఉంది. 2024లో జాతీయ వైద్య కమిషన్ (ఎన్‌ఎంసీ) టాస్క్‌ఫోర్స్ 74 దాటొద్దంది. రెండూ కాగితం మీదే ఉన్నాయనుకోండి. నేను హౌస్ సర్జన్‌గా రిట్రాక్టర్ (కోతను తెరిచి ఉంచే పరికరం) పట్టుకుని నిలబడే నిద్రపోయాను, చీఫ్ ఫోర్సెప్స్‌తో వేళ్ల మీద కొట్టారు, సర్జరీ మీద ఆశ ఆ రోజే వదిలేశాను. ఇప్పుడు నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు.

చావు ఆలోచనల గురించి అడిగితే కొత్తగా పుడతాయా? పుట్టవు, మీ కో-పీజీని నేరుగా అడగండి. ప్రయత్నం చేస్తే కేసు పెడతారా? ఆ మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని అదే చట్టం సెక్షన్ 115 చెబుతోంది.

అర్ధరాత్రి డ్యూటీ రూమ్‌లో ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైన్ టెలీ మానస్, 14416. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్నని చెప్పక్కర్లేదు, తమ్ముడి పేరూ అక్కర్లేదు.