చూపు గెంతినా లోకం ఎందుకు ఊగదు?

లాడ్ బజార్‌లో లక్క గాజుల దుకాణం ముందు నిలబడినప్పుడు చూపు వరుసల మీదుగా నెమ్మదిగా జారుతున్నట్లు అనిపిస్తుంది. నిజానికి కన్ను ఒక గాజు నుంచి మరో గాజుకు గెంతుతుంది, సెకనుకు సుమారు 3 సార్లు. శాస్త్రవేత్తలు ఈ గెంతులను సకాడ్‌లంటారు. అవి తప్పవు. రెటీనా మధ్యలోని ఫోవియా అనే చిన్న గుంటే సూక్ష్మమైన వివరాలను పట్టగలదు. చేయి చాచి చూస్తే బొటనవేలి గోరు ఎంత కనబడుతుందో, దాని పరిధి దాదాపు అంతే.

గెంతిన ప్రతిసారీ రెటీనా మీది బొమ్మ మొత్తం పక్కకు జరుగుతుంది. అయినా వీధి చివర చార్మినార్ కదలకుండా నిలబడే ఉంటుంది!

దుకాణంలోని అద్దంలో మీ ఎడమ కంటిని, వెంటనే కుడి కంటిని చూడండి. కళ్లు కదలడం మీకు కనిపించదు, పక్కనున్నవారికి మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. గెంతు సాగే ఆ కొద్ది మిల్లీసెకన్లలో మెదడు చూపు తీక్షణతను తగ్గిస్తుంది. ఇప్పుడు ఒక కన్ను మూసి, తెరిచిన కంటి కొసను రెప్ప మీదుగా వేలితో మెల్లగా నొక్కండి. ఈసారి లోకం ఊగుతుంది. 19వ శతాబ్దంలోనే జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ దీని గురించి రాశారు. కంటి కండరాలకు తానే ఆజ్ఞ ఇచ్చినప్పుడు మెదడు దాని నకలును తన దగ్గర ఉంచుకుంటుంది. వేలు నొక్కినప్పుడు ఆ నకలు ఉండదు.

నకలు చేసే పని ఇంకా అద్భుతం. 1992లో డ్యూహామెల్, కోల్బీ, గోల్డ్‌బర్గ్ అనే పరిశోధకులు కోతుల మెదడులో పైన, వెనుకవైపు ఉండే పెరైటల్ భాగాన్ని పరిశీలించారు. గెంతు తర్వాత తాము గమనించే చోటులోకి రాబోయే వస్తువుకు అక్కడి కొన్ని నాడీకణాలు, కన్ను ఇంకా కదలకముందే స్పందించాయి.

మరి గెంతు దాటి మిగిలేదెంత? మెదడు ఫొటోలను అతికించుకుంటూ పోతుందన్నది ఒకప్పటి ఊహ. ప్రయోగాలు దాన్ని నిలవనివ్వలేదు. కన్ను గెంతుతున్న క్షణంలోనే తెర మీది చిత్రాన్ని మారిస్తే, పెద్ద మార్పులను కూడా చాలామంది గుర్తించలేదని 1996లో గ్రైమ్స్ అనే పరిశోధకుడు చూపించారు. దాటి వచ్చేవి మూడు నాలుగు వస్తువుల వివరాలే. వాటిలోనూ చూపు వెళ్లబోతున్న వస్తువుదే పెద్దపీట, ఎందుకంటే ధ్యాస కంటికన్నా ముందే అక్కడికి చేరుతుంది.

మరి ఆ నకలు లెక్క తప్పితే? పెరైటల్ భాగం దెబ్బతిన్న కొందరికి రెండు చుక్కలను వెంటవెంటనే మెరిపించి, వరుసగా చూడమన్నారు. మొదటి చుక్క వైపు కన్ను వెళ్లింది. రెండోది కూడా వారు చూసిందే, కానీ కన్ను కదిలాక అది ఎక్కడుందో వారి మెదడు లెక్కగట్టలేకపోయింది.