చెయ్యెత్తని బిడ్డ, నోరెత్తని కేసుషీట్

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఉండుండి రేగే గొడవే మళ్లీ రేగింది. బిడ్డ కుడిచెయ్యి వేలాడుతోందని నీళ్లు పోసే ఆమె కనిపెడుతుంది. డిశ్చార్జి సమ్మరీ తీసి చూస్తే "సాధారణ కాన్పు, తల్లీబిడ్డ క్షేమం" అని ఉంటుంది. కాన్పులోనే దెబ్బ తగిలిందని ఇంటివాళ్లు, మా దగ్గర ఏమీ కాలేదని ఆస్పత్రి.

ఆస్పత్రి రికార్డులో ప్రతి జబ్బుకూ, గాయానికీ ఒక కోడ్ పడుతుంది. ఆ కోడ్ల పుట్టుపూర్వోత్తరాలు వదిలేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగాల కోడ్ల జాబితా ఐసీడీ-10లో పి10 నుంచి పి15 దాకా పుట్టుక గాయాలవని తెలిస్తే చాలు. మెడ దగ్గరి నరాలు సాగి చెయ్యి పడిపోతే, అంటే ఎర్బ్స్ పాల్సీకి, పి14.0. కాలర్ ఎముక విరిగితే పి13.4.

కేసుషీట్ రాసే తీరులో అసలు మలుపు 1995 నవంబరు 13. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు తేల్చిన రోజు. అంతదాకా కేసుషీట్ తర్వాతి డ్యూటీ డాక్టరు కోసం రాసేది. ఆ తర్వాత లాయరు చదువుతాడన్న లెక్కతో రాయడం మొదలైంది. "గాయం" అన్న మాట దగ్గర కలం ఆగిపోతోంది. నిజానికి ఆ కోడ్ తప్పెవరిదో చెప్పదు. భుజం అడ్డుపడ్డ కాన్పులో ఎంత జాగ్రత్తపడ్డా నరం సాగవచ్చు, అరుదుగా సిజేరియన్‌లోనూ జరుగుతుంది. డాక్టర్ల వాదన ఇదే, సబబైనదే. సబబైతే రాయడానికి భయమెందుకు అంటారు ఇంటివాళ్లు. తల బయటికొచ్చింది ఏ నిమిషాన, ఒళ్లు ఏ నిమిషాన, ముందున్నది ఏ భుజం, తల్లి మోకాళ్లు పొట్టమీదికి మడిచి పట్టుకున్నారా, సాయానికి ఎవరిని పిలిచారు, బిడ్డ బరువెంత, ఒకటో నిమిషంలో, ఐదో నిమిషంలో ఆప్గార్ స్కోరు (పుట్టగానే బిడ్డ స్థితి చూసి వేసే మార్కులు) ఎంత? ఈ నాలుగు ముక్కలూ రాసి ఉంటే మొదట రక్ష డాక్టరుకే.

రికార్డుల గదిలో కోడ్ వేసే కుర్రాడి చేతిలో ఏమీ లేదు. డాక్టరు రాసిన జబ్బుకే కోడ్ వెయ్యాలి, ఊహించి వెయ్యకూడదు. "కుడిచెయ్యి కదలిక తక్కువ" అని రాసి వదిలేస్తే పి14.0 పడదు. (బెజవాడలో కోడింగ్ నేర్చుకుని అమెరికా ఆస్పత్రుల ఫైళ్లు చూసే పిల్లలకు ఈ అంకె కంఠతా వచ్చు. పక్కవీధిలో పుట్టిన బిడ్డ ఫైలు వాళ్ల దాకా రాదు.)

ప్రతిసారీ దాచారనీ అనలేం. కాలర్ ఎముక విరిగిన సంగతి వారం పది రోజులకు అక్కడ బుడిపె కట్టాక, పురిటిస్నానంలో అమ్మమ్మ చేతికి తగిలి బయటపడవచ్చు. పైగా తల్లి ఫైలు వేరు, బిడ్డ ఫైలు వేరు. బిడ్డను ఇంకో ఆస్పత్రి ఎన్ఐసీయూకి (పసికందుల ఐసీయూకి) పంపితే, తాము చూడని కాన్పు గురించి అక్కడివాళ్లు "బయట పుట్టిన బిడ్డ" అని రాసి ఊరుకుంటారు.

ఇప్పుడు ఇంటివాళ్లు పట్టుకున్నది 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనలను. అడిగిన 72 గంటల్లో రికార్డు ఇవ్వాలి, చికిత్స మొదలైననాటి నుంచి 3 ఏళ్లు దాచాలి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి గడువు 2 ఏళ్లు. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు. చాలామంది పిల్లలకు కొన్ని నెలల్లో చెయ్యి దానంతటదే తేరుకుంటుంది, అందుకే చూద్దాంలే అని ఆగుతారు. తేరుకోని బిడ్డను బళ్లో వేసేనాటికి ఆ ఫైలు ఉండి తీరాలని ఆ నిబంధనల్లో లేదు.