శ్రీనివాస సేతు మీద ‘టక్’మనే చోటు

చిన్నారులకు,

బస్సు మన తిరుపతి ఫ్లైఓవర్ శ్రీనివాస సేతు ఎక్కాక చక్రాల కింద ఉండుండి ‘టక్’మంటుంది, విన్నారా? రోడ్డు సరిగ్గా వేయలేదేమో అనుకుంటారు చాలామంది. అక్కడ వంతెన పైనున్న కాంక్రీటు పలకల మధ్య సందు ఉంటుంది, ఆ సందు కావాలనే వదిలారు. దాని పేరు ఎక్స్‌పాన్షన్ జాయింట్.

కాంక్రీటు ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. మీటరు పొడవు కాంక్రీటు ఒక డిగ్రీ వేడెక్కితే పెరిగేది మిల్లీమీటరులో సుమారు నూరో వంతే. మరి 30 మీటర్ల పలక 25 డిగ్రీలు వేడెక్కితే? లెక్క కట్టండి, ఏడున్నర మిల్లీమీటర్లు వస్తుంది. రూపాయి బిళ్లలు ఐదు పేరిస్తే దాదాపు అంత ఎత్తు. మార్గశిర మాసపు తెల్లవారుజాముకూ రోహిణీ కార్తె మిట్టమధ్యాహ్నానికీ మన తిరుపతిలో అంత తేడా మామూలే. సందు లేకపోతే పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని అంచులు పగులుతాయి.

చాలా వంతెనల్లో పిల్లరు తలమీద నల్లటి దిమ్మెలుంటాయి. అవి బేరింగులు, రబ్బరూ ఉక్కు రేకులూ పొరలుగా అతికించినవి. పైనున్న బరువంతా మోస్తూనే పలకను అటూఇటూ కదలనిస్తాయి.

చేటంతా నీళ్లతోనే. సందులో ఇసుక, గులకరాళ్లు ఇరుక్కుంటే దాన్ని మూసే రబ్బరు పట్టీ చిరుగుతుంది. అక్టోబరు, నవంబరు వానలకు ఆ చిరుగులోంచి నీళ్లు బేరింగుల మీదికి, పిల్లరు తలమీదికి దిగుతాయి. పగుళ్లలోంచి కాంక్రీటు లోపలి ఇనుప కడ్డీని చేరితే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, కాంక్రీటును పెచ్చులుగా ఊడదోస్తుంది. బస్సు కిటికీలోంచి విసిరిన ఒక్క ప్లాస్టిక్ కవరు చాలు, వాననీళ్లు పోయే గొట్టం మూతి మూసుకుపోవడానికి.

ఈ సేతు మొత్తంగా రాకపోకలకు తెరుచుకున్నది 2023 సెప్టెంబరు 18న. తిరుచానూరు వైపు నుంచి బస్టాండు, లీలామహల్ సర్కిల్ మీదుగా కపిలతీర్థం వైపు పోతుంది. కొండకు పోయే బండ్లు పైన పోతే కింది రోడ్డు బడి పిల్లలకీ, పూలమ్మేవాళ్లకీ కాస్త ఖాళీ అవుతుంది. నా దృష్టిలో దాని అసలు మేలు అదే. అందుకే పిల్లర్ల మధ్య చెత్త పోయకూడదు, బండ్లు అడ్డంగా పెట్టకూడదు.

శేషాచలం ఫోటో కోసం పైన బండి ఆపమని నాన్నను అడగకండి. 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి సెకనుకు 14 మీటర్లు దూసుకొస్తుంది.

కింద నడిచేటప్పుడు పిల్లరు మీద గోధుమరంగు తుప్పు చార గానీ, వాన వెలిసిన రెండు రోజులకూ ఆరని తడి గానీ కనిపిస్తే, ఆ పిల్లరు నంబరు రాసుకోండి. నంబరు లేకపోతే ఎదురుగా ఉన్న దుకాణం గుర్తు పెట్టుకుని, ఇంట్లో పెద్దవాళ్ల చేత నగరపాలక సంస్థకు చెప్పించండి.

మీ తాతయ్య
తిరుపతి