రెండు పరమాణువుల మధ్య నాలుగో బంధం

ఇంటర్ చదువుతున్న ఒక అమ్మాయి అడిగింది: “సార్, ఎసిటిలీన్‌లో కార్బన్ల మధ్య మూడు బంధాలు, నైట్రోజన్‌లోనూ మూడే. నాలుగు ఎక్కడా ఉండవా?”

ఉంటాయమ్మా. 1964లో అమెరికాలోని ఎంఐటీలో ఫ్రాంక్ ఆల్బర్ట్ కాటన్ అనే ప్రొఫెసర్, ఆయన శిష్యులు కలిసి దీన్ని నిరూపించారు. వాళ్లు పరీక్షించింది రీనియం అనే లోహం, ఆవర్తన పట్టికలో 75వ మూలకం. రెండు రీనియం పరమాణువులు, ఒక్కోదాని చుట్టూ నాలుగేసి క్లోరిన్లు, మొత్తం మీద రెండు ఋణావేశాలు: ఆ అయాన్ ఇంతే. ఇలాంటి రీనియం సమ్మేళనాలను సోవియట్ రసాయనవేత్తలు అంతకు ముందే తయారుచేశారు, లోహ పరమాణువులు బాగా దగ్గరగా ఉన్నాయని కూడా గమనించారు. ఆ ఘనత వాళ్లకు దక్కాలి. ఎందుకలా ఉన్నాయో తేల్చి చెప్పినవాడు కాటన్.

ఎక్స్-రేలతో స్ఫటికాన్ని పరిశీలిస్తే రెండు వింతలు బయటపడ్డాయి. రీనియంల మధ్య దూరం 2.24 ఆంగ్‌స్ట్రామ్‌లు. సెంటీమీటరులో పది కోట్లో వంతు ఒక ఆంగ్‌స్ట్రామ్. అచ్చమైన రీనియం లోహంలోనే పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 2.74 ఉంటుంది. ఇక్కడ రెండిటినీ కలిపి పట్టుకునే క్లోరిన్ వారధి కూడా లేదు. అయినా అంత దగ్గరికి వచ్చాయి.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది రెండో వింత. ఈ చివర ఉన్న నాలుగు క్లోరిన్లు, ఆ చివర ఉన్న నాలుగు క్లోరిన్లకు సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాయి. క్లోరిన్ పెద్ద పరమాణువు, పైగా ఇక్కడ ఋణావేశం మోస్తోంది. బంధం లేని రెండు క్లోరిన్లు దాదాపు మూడున్నర ఆంగ్‌స్ట్రామ్‌ల ఎడం కోరుకుంటాయి. ఇక్కడున్నది 3.3 మాత్రమే. ఒక చివర 45 డిగ్రీలు తిరిగితే చాలు, అన్నీ ఖాళీల్లోకి సర్దుకుంటాయి. అయినా తిరగలేదు. వాటిని ఏదో కట్టిపడేసింది.

ఆ కట్టు ఏమిటో తెలియాలంటే రెండు నూరువరహాల పూలు తీసుకోండి. ఆ పువ్వుకు నాలుగే రేకులు. ఒక్కో పువ్వులో ఎదురెదురు రేకులకు ఒకే రంగు వచ్చేలా వరుసగా ఎరుపు, తెలుపు, ఎరుపు, తెలుపు వేయండి. ఇప్పుడు రెండు పూలను ముఖాముఖి పట్టుకుని ఎరుపు మీదికి ఎరుపు, తెలుపు మీదికి తెలుపు వచ్చేలా చూడండి. నాలుగు చోట్లా రేకులు కలిశాయి. దీన్నే డెల్టా బంధం అంటారు. రేకులు డి-ఆర్బిటాల్ (లోహ పరమాణువులో ఎలక్ట్రాన్ ఉండే చోటు) తమ్మెలు, రంగులు వాటి తరంగపు ధన, ఋణ గుర్తులు. ఇక ఒక పువ్వును 45 డిగ్రీలు తిప్పండి. ప్రతి రేకూ సగం ఎరుపు మీద, సగం తెలుపు మీద పడుతుంది. ఎంత కలిసిందో అంతా రద్దయిపోతుంది, బంధం సున్నా. ఇంకో 45 తిప్పితే ఎరుపు మీదికి తెలుపు వస్తుంది. అప్పుడు ఒక పువ్వుకు రంగులు తారుమారు చేస్తే సరి, బంధం మళ్లీ పూర్తి బలంతో వస్తుంది. అంటే డెల్టా బంధానికి దిశ పట్టింపు ఉంది. ఎక్స్-రేలకు ఈ రేకులు కనబడవు, క్లోరిన్లు కనబడతాయి. రేకులు క్లోరిన్ల మధ్య ఖాళీల్లో ఉంటాయి కాబట్టి, క్లోరిన్లు ఎదురెదురుగా ఉంటే రేకులూ ఎదురెదురే. పూలకూ ఆర్బిటాళ్లకూ ఒక తేడా మాత్రం చెప్పాలి. ఆర్బిటాల్ తమ్మెకు గట్టి అంచు ఉండదు, ఎలక్ట్రాన్ ఎక్కడ ఉండే అవకాశం ఎంత అనేదే ఆ ఆకారం. అందుకే ఈ కలయిక పలచన, నాలుగింటిలోనూ డెల్టాయే బలహీనమైన బంధం.

లెక్క చూద్దాం. రీనియం బయటి ఎలక్ట్రాన్లు ఏడు. ఈ అయాన్‌లో ఒక్కో రీనియం +3 స్థితిలో ఉంటుంది, అంటే మూడు పోయి నాలుగు మిగులుతాయి. రెండు పరమాణువులకు ఎనిమిది, అంటే నాలుగు జతలు. ఉన్న ఐదు డి-ఆర్బిటాళ్లలో ఒకటి క్లోరిన్లను పట్టుకోవడానికి పోతుంది. మిగిలిన నాలుగూ ఎదుటి నాలుగింటితో కలిసి ఒక సిగ్మా (రెండు పరమాణువులను కలిపే గీత మీదే కలిసేది), రెండు ‘పై’ (π, ఆ గీతకు రెండు పక్కలా కలిసేవి), ఒక డెల్టా. జతలూ నాలుగే, బంధాలూ నాలుగే! డి-ఆర్బిటాళ్ల బొమ్మలను మన పిల్లలు మార్కుల కోసం ఏటా గీస్తారు. అవి దేనికో ఈ ఒక్క అయాన్‌తో చెప్పవచ్చు. చెప్పకుండా బట్టీ పట్టించడం నాకు బాధగా ఉంటుంది.

ఈ సమ్మేళనం నీలంగా ఉండడానికీ డెల్టాయే కారణం. డెల్టాలోని ఎలక్ట్రాన్ ఎరుపు కాంతిని మింగి పై మెట్టు ఎక్కుతుంది. మిగిలిన కాంతిలో మనకు నీలం కనిపిస్తుంది. ఏలినాటి శని పోతుందని జనం వేలు పోసి కొనే నీలం రాయి రంగు కూడా ఎలక్ట్రాన్ గెంతడం వల్ల వచ్చిందే. అక్కడ అది ఇనుము నుంచి టైటానియంకు దూకుతుంది. శనిగ్రహానికి అందులో ఏ పాత్రా లేదు.

కాటన్ వాదనకు గట్టి సాక్ష్యం ఆస్మియం. ఆవర్తన పట్టికలో అది రీనియం పక్కనే ఉంటుంది, ఎలక్ట్రాన్ ఒకటి ఎక్కువ. అదే తరహా అయాన్ కడితే, రెండు పరమాణువులకు కలిపి వచ్చే ఆ అదనపు రెండు ఎలక్ట్రాన్లు డెల్టాకు వ్యతిరేకంగా పనిచేసే స్థాయిలోకి వెళ్లి దాన్ని రద్దు చేస్తాయి. పట్టు వదిలింది కాబట్టి క్లోరిన్లు ఖాళీల వైపు తిరిగిన రూపం స్ఫటికాల్లో దొరికింది. బంధాలు మూడుకు తగ్గాయి, దూరం మాత్రం 2.18కి ఇంకా తగ్గింది! బంధాల సంఖ్య పెరిగితే పొడవు తగ్గుతుందనే సూత్రాన్ని కళ్లు మూసుకుని వాడకూడదు. ఆస్మియం పరమాణువు కాస్త చిన్నది, డెల్టా ఎలాగూ బలహీనం.

ఫ్రాన్స్‌లో పెలిగో 1844లోనే క్రోమియం(II) అసిటేట్ తయారుచేశాడు. క్రోమియం(II) లవణాల నీటి ద్రావణం లేత నీలం, దానికి అసిటేట్ కలిపితే ముదురు ఎరుపు స్ఫటికాలు దిగుతాయి. అందులోని క్రోమియంల మధ్యా నాలుగు బంధాలున్నాయని రీనియం కథ తెలిశాకే అర్థమైంది. మధ్యలో నూట ఇరవై ఏళ్లు అది సీసాల్లోనే ఉంది.

నాలుగుతో కూడా ఆగలేదు. 2005లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో ఫిలిప్ పవర్ బృందం ఒక్కో క్రోమియంకు ఒకే ఒక భారీ కర్బన సమూహాన్ని తగిలించింది. దాంతో ఐదు డి-ఆర్బిటాళ్లూ ఎదుటి క్రోమియం కోసం మిగిలాయి: ఒక సిగ్మా, రెండు పై, రెండు డెల్టా. దూరం 1.84 ఆంగ్‌స్ట్రామ్‌లే. అయితే ఆ నిర్మాణం సరళరేఖలో లేదు, రెండు చివర్లా వంగి ఉంది. అందుకే దాన్ని పూర్తిగా ఐదు బంధాలుగా లెక్కించాలా వద్దా అని వాదన నడిచింది.