రేగెన్స్‌బుర్గ్‌కి జంటగా వెళ్తున్నారా? ఈ అపోహలు వదిలేసి వెళ్లండి

జర్మనీలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన జంటలకూ, యూరప్ చూద్దామని హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చే కొత్త దంపతులకూ ట్రిప్పులు ప్లాన్ చేసిపెట్టడం నా పని. "మ్యూనిక్ అయిపోయింది, వీకెండ్‌కి ఏదైనా పాత ఊరు చెప్పండి" అంటే నా నోట ముందుగా వచ్చే పేరు రేగెన్స్‌బుర్గ్. బవేరియా రాష్ట్రంలో డాన్యూబ్ నది ఒడ్డున ఉంటుంది. ఆ పేరు చెప్పగానే అవే సందేహాలు, అవే మాటలు. అందరికీ ఒకేసారి ఇక్కడ చెప్పేస్తాను.

అపోహ: చిన్న ఊరే కదా, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

రావచ్చు. మ్యూనిక్ నుంచి రైల్లో గంటన్నరే. కానీ మీలాగే అనుకున్న వాళ్లంతా పగలు అక్కడే ఉంటారు. నదిలో ఆగిన క్రూయిజ్ షిప్పుల వాళ్లు గైడ్ ఎత్తిపట్టిన గొడుగు వెనకే గుంపులుగా నడుస్తుంటారు. కేథడ్రల్ ముందు ఇద్దరూ కలిసి ఒక ఫొటో దిగాలన్నా వెనక పదిమంది పడతారు. సాయంత్రం అయ్యేసరికి ఈ జనమంతా వెళ్లిపోతారు. అలాగని ఊరు నిద్రపోదు, యూనివర్సిటీ ఉంది కాబట్టి కుర్రాళ్ల సందడి ఉంటుంది. చీకటి పడే వేళకి రాతి వంతెన దాటి అవతల ష్టాట్‌అమ్‌హోఫ్ వైపు వెళ్లి వెనక్కి తిరిగి చూడండి. కేథడ్రల్ జంట శిఖరాలు, వంతెన కమానులు, కింద నీళ్లలో దీపాలు, అన్నీ ఒకే చూపులో ఉంటాయి. ఒక్క రాత్రి ఉండకపోతే ఈ ఊరికి వెళ్లడం దండగ అని మొహమాటం లేకుండా చెప్తాను.

అపోహ: జర్మనీలో పాత ఊళ్లన్నీ యుద్ధంలో పోయాయి, ఇప్పుడు కనిపించేదంతా కొత్తగా కట్టిందే.

చాలా ఊళ్ల విషయంలో ఇది నిజమే. రేగెన్స్‌బుర్గ్ విషయంలో కాదు. 1943 ఆగస్టులో ఇక్కడి మెసర్‌ష్మిట్ విమానాల ఫ్యాక్టరీ మీద అమెరికన్ బాంబర్లు దాడి చేశాయి, కానీ పాత ఊరు చాలా వరకు బతికిపోయింది. అందుకే 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. క్రీ.శ. 179లో రోమన్లు కట్టిన సైనిక శిబిరం ద్వారం, పోర్టా ప్రెటోరియా, కేథడ్రల్ వెనక వీధిలో ఒక భవనం గోడలో కలిసిపోయి ఉంటుంది. చాలామంది చూడకుండానే దాటిపోతారు. పెద్ద పెద్ద బూడిదరంగు రాళ్లు కనిపిస్తే ఆగండి.

వంతెనకి మాత్రం యుద్ధంలో దెబ్బ తగిలింది. 1945 ఏప్రిల్‌లో అమెరికన్లు రాకుండా జర్మన్ సైన్యమే కొన్ని కమానులు పేల్చేసింది. 1967కి గానీ అవి పూర్తిగా బాగుపడలేదు.

అపోహ: వంతెన కట్టినాయన, కేథడ్రల్ కట్టినాయన ఎవరు ముందు పూర్తి చేస్తారా అని పందెం వేసుకున్నారు.

గైడ్లు చెప్పే కథ ఇది. వంతెన మేస్త్రి గెలవడానికి దయ్యం సాయం తీసుకుని, ముందుగా వంతెన దాటే మూడు ప్రాణాలు ఇస్తానని ఒప్పుకున్నాడట. తీరా పూర్తయ్యాక ఒక పుంజు, ఒక పెట్ట, ఒక కుక్కని తోలేశాడట. కథ నాకూ ఇష్టమే. కానీ వంతెన 1135లో మొదలై 1146లో పూర్తయింది. ఇప్పుడున్న గోథిక్ కేథడ్రల్ పని 1273 అగ్నిప్రమాదం తర్వాత మొదలైంది. ఇద్దరు మేస్త్రీలకీ మధ్య వందేళ్లకి పైగా తేడా! శిఖరాలు పూర్తయ్యేసరికి 1869 వచ్చింది.

ఇదే కోవలో ఇంకోటి: ఊళ్లోని ఎత్తయిన రాతి బురుజులు శత్రువుల కోసం కట్టినవి అని. కాదు. మధ్యయుగంలో ఇక్కడి వ్యాపారులు ఇటలీని చూసి కట్టుకున్నవి అవి. మన ఊళ్లలో పక్కవాడు రెండంతస్తులు వేస్తే మనం మూడు వేసినట్టే. గోల్డెన్ టవర్ చూస్తే మీకే తెలుస్తుంది.

అపోహ: డబుల్ రూమ్ అంటే ఒకే పరుపు, ఒకే దుప్పటి.

హనీమూన్ జంటల నుంచి నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ దీని గురించే. "అన్నా, మాకు ట్విన్ రూమ్ ఇచ్చారు!" అని రాత్రి పదింటికి టెన్షన్. ట్విన్ కాదు, జర్మనీలో డబుల్ బెడ్ అంటే అదే. ఒక మంచం చట్రంలో రెండు విడి పరుపులు, ఎవరి దుప్పటి వాళ్లకి మడిచి పెట్టి ఉంటుంది. మధ్యలో సందు కూడా ఉంటుంది. రిసెప్షన్‌లో గొడవ పెట్టుకోకండి. అది కుదరదనుకుంటే బుక్ చేసేటప్పుడే ఒకే పరుపు ఉన్న మంచం కావాలని రాసి అడగండి. పాత ఊరి మధ్యలో హోటళ్లు పాత భవనాల్లో ఉంటాయి కాబట్టి లిఫ్ట్, ఏసీ ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. రాళ్లు పరిచిన వీధుల్లో పెద్ద సూట్‌కేస్ ఈడ్చడం నరకం. ఒక చిన్న బ్యాగు చాలు.

అపోహ: వెజిటేరియన్లకి తిండి దొరకదు.

దొరుకుతుంది, కానీ అడిగి తినాలి. చీజ్ కలిపిన స్పెట్‌స్లె (నూడుల్స్ లాంటివి), ఒబాట్స్‌డా అనే చీజ్ ముద్దతో ప్రెట్సెల్, ఏప్రిల్ నుంచి జూన్ 24 దాకా తెల్ల ఆస్పరాగస్ వంటలు ఉంటాయి. బంగాళాదుంప సూప్ కదా అని ధీమాగా ఆర్డర్ ఇవ్వకండి, అందులో పంది మాంసం ముక్కలు తేలొచ్చు. "వెగెటారిష్?" అని అడగడం అలవాటు చేసుకోండి. తొమ్మిది దాటితే చాలా చోట్ల వంటగది మూసేస్తారు, మన డిన్నర్ టైమ్ అక్కడ పనికిరాదు.

మాంసం తినేవాళ్లు వంతెన పక్కనే ఉన్న వుర్స్ట్‌కుహ్ల్ అనే సాసేజ్ హోటల్‌ని వదలకండి. చిన్న గది, బొగ్గుల మీద కాల్చిన వేలెడంత సాసేజ్‌లు, పుల్లటి క్యాబేజీ, తియ్యటి ఆవాల పేస్ట్. అవి పంది మాంసంవి, తెలిసే తినండి. గోడ మీద డాన్యూబ్ వరద ఎంత ఎత్తుకి వచ్చిందో ఏ ఏడాదికి ఆ ఏడాది గీతలు గీసి ఉంటాయి. పక్కన నిలబడి కొలుచుకోండి.

అపోహ: రైలు టికెట్లే ఎక్కువ ఖర్చు.

ఇద్దరికీ కలిపి ఒక బయర్న్ టికెట్ (ఒక రోజు పాస్) తీసుకుంటే చాలు. బవేరియాలో లోకల్, రీజనల్ రైళ్లన్నీ ఎక్కొచ్చు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, శని ఆదివారాల్లో ఆ నిబంధన లేదు. ఐసీఈ హైస్పీడ్ రైళ్లలో మాత్రం చెల్లదు. జర్మనీలో ఉండేవాళ్లకి డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాస్ ఉంటే అదీ అక్కర్లేదు.

అపోహ: షాపింగ్ ఆదివారం పెట్టుకుందాం.

ఆదివారం షాపులు ఉండవు. సూపర్‌మార్కెట్‌తో సహా. నీళ్లు, పళ్లు శనివారమే కొనేయండి. ఆదివారం పొద్దున్న కేథడ్రల్‌కి వెళ్లండి. స్కూళ్లకి సెలవులు లేని రోజుల్లో ప్రార్థనలో డోమ్‌ష్పాట్సెన్ బృందం పాడుతుంది. 975 నుంచి నడుస్తున్న పిల్లల కోయిర్ అది. సోమవారం ఉందామనుకుంటే చాలా మ్యూజియంలు మూసి ఉంటాయి, గుర్తుంచుకోండి. డిసెంబర్‌లో వెళ్తే టూర్న్ ఉంట్ టాక్సిస్ ప్యాలెస్ ఆవరణలోని క్రిస్మస్ మార్కెట్‌కి టికెట్ ఉంటుంది. మార్కెట్‌కి టికెట్ ఏంటని చాలామంది గుమ్మంలో ఆగిపోతారు.

అపోహ: వాల్‌హల్లా ఏడాది పొడవునా బోటులో వెళ్లొచ్చు.

బోట్లు సుమారు ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకానే. మిగతా నెలల్లో బస్సు ఉంది. వాల్‌హల్లా అంటే డాన్యూబ్ పక్క కొండ మీద 1842లో తెరిచిన గ్రీకు గుడిలాంటి భవనం. కట్టించింది బవేరియా రాజు లుడ్విగ్ 1, నమూనా పార్థెనాన్. లోపల జర్మన్ ప్రముఖుల రాతి విగ్రహాలు. వాళ్లలో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ ఉన్నాడు. ఆయన తనకి రావాల్సిన బాకీ డబ్బుల కోసం రేగెన్స్‌బుర్గ్ వచ్చి, 1630లో అక్కడే చనిపోయాడు. ఆయన చనిపోయిన ఇల్లు ఊళ్లో ఇప్పటికీ ఉంది.

నది నుంచి పైకి 358 మెట్లు, హీల్స్ వద్దు. బోటు అక్కడ ఆగే టైమ్ ఎంతో దిగేముందే అడిగి, చివరి బోటు ఎప్పుడో చూసుకోండి. వెళ్లేటప్పుడు ఎడమ వైపు సీట్లో కూర్చోండి. కొండ ఆ వైపే వస్తుంది.